సముద్రం వారి కొంగ

నాగరికత అంటే మరేమీ కాదు. ప్రతి వస్తువుకూ ఒక యజమాని, ప్రతి యజమానికీ ఒక సంతకం, ప్రతి సంతకానికీ ఒక గది ఉండడమే నాగరికత. (గదికి తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్నాయన ఇప్పుడే టీకి వెళ్ళాడు. ఆయన వెళ్ళడం ఎవరూ చూడలేదు, రావడం అంతకన్నా చూడలేదు, అయినా ఆయన ఉద్యోగంలో ఉన్నాడన్నది నిర్వివాదాంశం.) ఈ సూత్రానికి లొంగనిది లోకంలో సముద్రం ఒక్కటేనని చాలాకాలం అనుకునేవారు. అది ఎవరినీ అడక్కుండా వస్తుంది, ఎవరికీ చెప్పకుండా పోతుంది, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఒడ్డున పారేసి మరీ పోతుంది. అలాంటి సముద్రాన్ని కూడా ఒక దారిలో పెట్టిన ఘనత ఒక కళ్ళజోళ్ళాయనకు దక్కింది. ఆ ఘనతను ఆయన కోరుకోలేదు.

కళ్ళజోళ్ళాయన షాపు బీచి రోడ్డు వెనక వీధిలో, రొట్టెల దుకాణానికీ తాళాలు బాగుచేసే కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉండేది. షాపంటే ఒక అద్దం, ఒక ఎత్తు కుర్చీ, గోడ మీద పైనుంచి కిందికి చిన్నవవుతూ పోయే అక్షరాల బోర్డు, అంతే. పొద్దున్నే షాపు తెరవబోయే ముందు ఆయన ఒడ్డు వెంట నడిచి, అలలు విసిరేసి పోయిన కర్రముక్కలు, తెగిన వలతాళ్ళు, గవ్వలు, అరిగి అరిగి నునుపుదేరిన గాజుపెంకులు గోనెసంచిలో వేసుకునేవాడు. సాయంత్రం ఇంట్లో మంచం పక్కన చాప పరుచుకుని వాటితో బొమ్మలు కట్టేవాడు. కట్టేవాడే తప్ప చెక్కేవాడు కాదు. సముద్రం చెక్కినదాన్ని మళ్ళీ మనం చెక్కకూడదని ఆయనకొక పట్టుదల. ఉలి లేదు, ఉప్పుకాగితం లేదు, రంగు లేదు. ఏ కర్ర ఎలా వంగి ఉంటే దాన్ని అలాగే ఒప్పుకుని, దొరికిన తాడుతోనే ముడివెయ్యాలి. వెర్రి వెయ్యి విధాలన్నారు గానీ, ఇది వాటిలో ఎవరికీ హాని చెయ్యని విధం.

ఇదంతా ఆయన తన భార్య కోసం చేసేవాడు. ఆవిడ ఒకప్పుడు పడవల రేవులో టికెట్లు అమ్మేది. ఉద్యోగమంతా ఒక కిటికీలో కూర్చుని, టికెట్టుకూ టికెట్టుకూ మధ్య సముద్రాన్ని చూస్తూ గడిపింది. తర్వాత తుంటి ఎముక విరిగి, అతకవలసినట్టు అతక్క, మంచానికీ మంచం పక్క కుర్చీకీ పరిమితమైపోయింది. ఇల్లేమో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. (లిఫ్టు కోసం వదిలిన గొయ్యి ఉంది. అందులో అన్ని అంతస్తుల వాళ్ళ పాత సైకిళ్ళూ ఉన్నాయి.) కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనం గోడ, ఆ గోడకు నిలువునా ఒక పైపు. సముద్రం చప్పుడు మాత్రం వినిపిస్తుంది, కనిపించదు. దీనికంటే అసలు వినపడకపోయినా బాగుండేదని ఆవిడ ఒకసారి అంది. అన్నాక వెంటనే వేరే మాట ఎత్తుకుంది గానీ, ఆ మాట ఆయన మనసులోంచి పోలేదు.

కొంగ ఆలోచన ఆవిడదే. రేవులో టికెట్ల కిటికీ ఎదురుగా ఒక కొయ్యస్తంభం ఉండేదట. దాని మీద రోజూ ఒక కొంగ వచ్చి నిలబడేదట, టికెట్టు కొననిది అదొక్కటేనట. ఆయన సంచిలో మెలిక తిరిగిన పొడుగాటి కర్ర ఒకటి కనబడగానే ఆవిడ లేచి కూర్చుంది.

"అదిగో మెడ," అంది. "పెట్టండి చూద్దాం. అలా కాదండీ! అది కొంగా, గాలికి తిరగబడ్డ గొడుగా?"

"కర్ర వంకరే అంత. నన్నేం చెయ్యమంటావు?"

"ఎలా ఉండాలో అదే చెబుతుంది, మీరు వినాలి. ఇటు తిప్పండి. ఇంకాస్త. ఇంకొంచెం. ఆ... ఇప్పుడు చేపను చూసింది."

అలా కట్టారు. రెక్కలకు పడవ చెక్కలు, కాళ్ళకు సన్నటి కొమ్మలు, కంటికి గోధుమరంగు గాజుపెంకు. మనుషుల కళ్ళ సంగతి ఆయనకు వదిలేసినావిడ కొంగ కన్ను మాత్రం తానే ఎంచింది. దాన్ని కిటికీకి అడ్డంగా పైనుంచి వేలాడదీస్తే, గాలి వచ్చినప్పుడల్లా రెక్కలు నెమ్మదిగా కదిలేవి, వెనకనున్న గోడ ముక్కలు ముక్కలై ఎటో పోయేది. ఆ మర్నాడు ఆవిడ, "పొద్దుట్నుంచీ ఎదురుగా గోడ ఉందన్న సంగతే మర్చిపోయానండీ," అంది. ఆయనకు ఆ రోజంతా షాపులో అద్దాలు తుడుస్తుంటే చేతులు తేలిగ్గా ఉన్నాయి.

కథ ఇక్కడితో అయిపోవలసింది. అయిపోకపోవడానికి కారణం కళ్ళజోళ్ళాయన వృత్తిరోగం. జీవితమంతా జనం చేత అక్షరాల బోర్డులో అట్టడుగు గీత చదివించీ చదివించీ, ఎక్కడ ఏ బోర్డు కనబడినా దాని అట్టడుగు గీత చదవకుండా ముందుకు కదలలేని స్థితికి వచ్చాడు. ఒడ్డున ఒక పాత బోర్డు ఉంది. పైన బారెడు అక్షరాలతో ఈత ప్రమాదకరమని, దాని కింద కుక్కలను తీసుకురారాదని ఉంటుంది. ఈ రెండూ చదివి జనం కుక్కలతో సహా ఈతకు దిగుతారు. ఉప్పుగాలికి బోర్డు మీద రంగు పెచ్చులూడిన ఒకానొక ఉదయం ఆయనకు అన్నిటికన్నా కింద మరో గీత కనిపించింది. మోకాళ్ళ మీద వంగి చదివాడు. 'ఒడ్డున లభించిన వస్తువులను తీర లభ్య వస్తు పర్యవేక్షణ కార్యాలయమునకు విధిగా తెలియపరచవలెను' అని ఉంది. చేతిలోని గోనెసంచి ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. ఇన్నాళ్ళూ తాను దొంగతనం చేస్తున్నానా అని ఆయనకు చెమటలు పట్టాయి.

"వెళ్ళి ఒకసారి అడిగి వస్తాను," అన్నాడు భార్యతో.

"వద్దండీ."

"తప్పేముంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అమ్మ మాట వేరు. నేను కౌంటర్లో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. అడిగినవాడికే మేం కుదరదని చెప్పేవాళ్ళం. అడగనివాడు మా ముందునుంచే పడవెక్కి వెళ్ళిపోయేవాడు."

"నిబంధన అని రాసి ఉందే!"

"రాసినవాడే దాన్ని చదివి ఉండడు. ఊరకున్నంత ఉత్తమం లేదు, నా మాట వినండి."

ఆయన వినలేదు. నిజాయితీపరులతో ఉన్న చిక్కే ఇది, వాళ్ళను ఆపడానికి చట్టంలో ఏ ఏర్పాటూ లేదు.

తీర లభ్య వస్తు పర్యవేక్షణ కార్యాలయం బీచి రోడ్డు చివర, మూతపడ్డ ఐసు గోడౌను పక్కన ఉంది. కళ్ళజోళ్ళాయన లోపలికి అడుగుపెట్టగానే గుమాస్తా తలెత్తకుండానే, "ఫ్యాను లోపలి గదిలో ఉంది, ముందు దాన్ని చూడండి," అన్నాడు.

"నేను ఫ్యాను కోసం రాలేదండీ. ఒక కొంగ గురించి తెలియపరచడానికి వచ్చాను."

గుమాస్తా తలెత్తాడు. లోపలి గదిలోంచి పర్యవేక్షణాధికారి స్వయంగా బయటికి వచ్చాడు. ఆ కార్యాలయం పెట్టినప్పట్నుంచీ ఒడ్డున ఏదైనా దొరికిందని చెప్పడానికి వచ్చిన మొదటి పౌరుడు కళ్ళజోళ్ళాయనే. ప్రతి ఏటా వార్షిక నివేదికలో 'ఈ సంవత్సరము ఒడ్డున ఏమియు లభించలేదు' అని రాసీ రాసీ అధికారికి తన ఉనికి మీదే సందేహం మొదలైంది. (పై అధికారులకు ఆ సందేహం అంతకు ముందే వచ్చింది.) ఆయన రెండు చేతులతో కళ్ళజోళ్ళాయన చేతిని పట్టుకుని, "కూర్చోండి, కూర్చోండి," అన్నాడు. కూర్చోవడానికి కుర్చీ లేదు. వచ్చేవాళ్ళే లేనప్పుడు కుర్చీ ఎందుకని పక్క ఆఫీసు వాళ్ళు పట్టుకుపోయారు.

ఇక వర్గీకరణ మొదలైంది. కొయ్య అయితే అడవుల శాఖది. అందులో మేకు ఉంటే అది పడవ భాగం కనుక రేవు శాఖది. తీరా చూస్తే అది కొంగ కనుక పక్షుల శాఖది.

"ప్రాణం ఉందా?" గుమాస్తా అడిగాడు.

"లేదండీ."

"ఎప్పుడు పోయింది?"

"ఎప్పుడూ పోలేదండీ. అసలు లేదు."

గుమాస్తా కాసేపు ఆలోచించి, 'మరణించిన సమయము: తెలియరాలేదు' అని రాసుకున్నాడు. పక్షుల శాఖ నుంచి వచ్చిన జవాబులో ఆ కొంగ ఏ రుతువులో ఏ దిక్కుకు వలస పోతుందో తెలపమని కోరారు. ఇది కిటికీ నుంచి ఎటూ పోదని కళ్ళజోళ్ళాయన రాసిచ్చాడు. అలా పోకపోవడం పక్షి సహజ ప్రవర్తనకు విరుద్ధమని వాళ్ళు ఒక హెచ్చరిక పంపి ఊరుకున్నారు.

అసలు చిక్కు యజమాని దగ్గర వచ్చింది. దొరికిన వస్తువంటే ఎవరో పోగొట్టుకున్నదనేగా అర్థం? పోగొట్టుకున్నదెవరు? పర్యవేక్షణాధికారి నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి, కొయ్య చివరిసారిగా ఎవరి స్వాధీనంలో ఉండెనో వారే యజమాని అని తేల్చాడు. చివరిసారిగా అది సముద్రం స్వాధీనంలో ఉంది. కాబట్టి యజమాని సముద్రం. యజమానికి నోటీసు ఇవ్వకుండా వస్తువును వేరొకరి కిటికీలో ఉంచడం అన్యాయమని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

నోటీసు తయారైంది. 'మహారాజశ్రీ సముద్రం వారికి' అని మొదలవుతుంది. బంట్రోతు దాన్ని ఒడ్డుకు తీసుకెళ్ళి, అలలకు వినపడేంత గట్టిగా చదివి, ఒక కర్రకు గుచ్చి తడి ఇసుకలో పాతాడు. ఒక అల వచ్చి నోటీసును తాకింది. 'అందుకున్నారు' అని రాసుకున్నాడు. అల వెనక్కి పోయింది, నోటీసు అక్కడే ఉంది. 'నిరాకరించారు' అని రాసుకున్నాడు. తర్వాత వచ్చిన పెద్ద అల నోటీసునూ, కర్రనూ, బంట్రోతు ఎడమకాలి చెప్పునూ తీసుకుపోయింది. దీన్ని ఎలా రాయాలో తెలియక ఆఫీసుకు వచ్చి అడిగాడు. మొత్తమ్మీద సముద్రం వారు గడువు కోరుతున్నట్టుగా భావించాలని పర్యవేక్షణాధికారి తీర్మానించాడు. ఆ చెప్పు తర్వాత ఎక్కడైనా తేలి ఉన్నా, అది దొరికినవాడు తెలియపరచలేదు కనుక దాని సంగతి కార్యాలయానికి తెలియదు.

గడువు తీరేదాకా వివాదాస్పద వస్తువు కార్యాలయం రక్షణలో ఉండాలి. గుమాస్తా, బంట్రోతు, ఇంకొక తాత్కాలిక బంట్రోతు కలిసి నాలుగంతస్తులూ ఎక్కి వచ్చారు. కొంగ గదిలోనే పుట్టి పెరిగింది కాబట్టి రెక్కలతో సహా తలుపులోంచి పట్టలేదు. ముడులు విప్పవలసి వచ్చింది. విప్పుతుంటే కళ్ళజోళ్ళాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి చూస్తూనే ఉంది.

"రసీదు ఇవ్వండి," అంది.

గుమాస్తా ఇచ్చాడు. ఆవిడ చదివి తిరిగిచ్చేసింది.

"కర్రలు, ఒక కట్ట అని రాశారేంటి? కొంగ అని రాయండి."

"కొంగ అని రాయాలంటే పక్షుల శాఖ ఒప్పుకోవాలండీ అమ్మా."

"కట్ట అని రాస్తే రేపు మీరు పొయ్యిలో పెట్టుకున్నా అడిగే దిక్కుండదు. నేనూ రసీదులు రాసినదాన్నే బాబూ."

చివరికి 'కొంగ ఆకారములో నుండినట్లు చెప్పబడుచున్న కర్రలు' అన్న మాట దగ్గర రాజీ కుదిరింది. వాళ్ళు వెళ్ళాక కిటికీలోకి గోడ తిరిగి వచ్చింది, పైపుతో సహా. ఆవిడ తన కుర్చీని తలుపువైపు తిప్పించుకుంది. ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

మరొకటి కడదామంటే ఆ వీలూ లేకపోయింది. తెలియపరచిన నేరానికి కళ్ళజోళ్ళాయన ఇప్పుడు 'నమోదిత లభ్యుడు'. నమోదిత లభ్యుడు ఒడ్డు నుంచి గవ్వ తెచ్చినా చెప్పాలి. ఒడ్డున నడిచి వచ్చిన రోజున చెప్పుల్లో ఇరుక్కున్న ఇసుకను సైతం కార్యాలయంలోని పళ్ళెంలో దులిపి వెళ్ళాలి. ఆయన అలాగే దులిపి వెళ్ళేవాడు. ఆయన కళ్ళెదురుగానే రొట్టెల దుకాణంవాడు తోపుడుబండి నిండా కొట్టుకొచ్చిన దుంగలు వేసుకుని పొయ్యిలోకి తీసుకుపోయేవాడు.

"మరి వాళ్ళనేమీ అనరేం?" అని ఒక రోజు ఉండబట్టలేక అడిగాడు.

"వాళ్ళు మాకు తెలియపరచలేదు కదండీ," అన్నాడు గుమాస్తా. "తెలియపరచనిదాని మీద మేం ఎలా చర్య తీసుకుంటాం?"

గుమాస్తా చెడ్డవాడు కాదు. (చెడ్డవాళ్ళతో పనులు కొంచెం త్వరగా అవుతాయి.) రోజూ వచ్చి చెప్పులు దులుపుకుని, కొంగను ఒకసారి చూసి, నిట్టూర్చి వెళ్ళే మనిషిని చూస్తే ఆయనకూ జాలి వేసింది. పుస్తకమంతా వెతికి ఒక నిబంధన పట్టుకొచ్చాడు. ఇల్లు కదలలేని వ్యక్తుల ఊరట నిమిత్తం, యజమాని జవాబు వచ్చేదాకా, వస్తువును వారి ఇంట తాత్కాలికంగా ఉంచవచ్చును. కళ్ళజోళ్ళాయనకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు రాయించుకున్నాడు. ఆవిడ ఇల్లు కదలలేదని, కదలరాదని, కదిపినచో ప్రమాదమని డాక్టరు మూడు రకాలుగా రాసిచ్చాడు. పర్యవేక్షణాధికారి దాన్ని చదివి చలించిపోయాడు. దరఖాస్తు అక్కడికక్కడే మంజూరైంది.

"ఇక తీసుకెళ్ళొచ్చా అండీ?"

"ఒక్కటే మిగిలింది," అన్నాడు గుమాస్తా, కాగితం తిప్పుతూ. "దీన్ని చేసిందెవరని అడిగితే మీరు 'నేనూ నా భార్యా' అని రాశారు."

"అవునండీ. మెడ ఆవిడదే. కన్ను కూడా."

"అయితే ఆవిడ స్వయంగా వచ్చి, ఇది మాదేనని గుర్తుపట్టాలి."

"ఆవిడ రాలేకే కదండీ ఈ దరఖాస్తు!"

"అందుకే మంజూరు చేశాం కదండీ. వచ్చి గుర్తుపడితే ఇచ్చేస్తాం."

"పోనీ కొంగను ఒక్కసారి ఇంటికి తెచ్చి చూపిస్తే?"

గుమాస్తా నొచ్చుకున్నాడు. "ఎవరిదో గుర్తించని వస్తువును గడప దాటించమంటారా? రేపు సముద్రం వారు వచ్చి అడిగితే ఏం చెప్పమంటారు?"

ఆ సాయంత్రం కళ్ళజోళ్ళాయన ఇంట్లో ఈ విషయం చెప్పాడు. అక్కను చూడ్డానికి వచ్చిన బావమరిది అక్కడే ఉన్నాడు. బావమరిది వీధివీధికీ గ్యాసు సిలిండర్లు వేసే మనిషి. లోకంలోని సమస్యలన్నీ భుజానికెత్తుకుని మెట్లు దిగితే తీరిపోతాయని ఆయన నమ్మకం.

"దీనికింత ఆలోచనేంటి బావా? అక్కను నేను దింపుతాను. నిండు సిలిండరు కంటే బరువుంటుందా ఏంటి?"

"ఖాళీదానితో పోల్చరా, కాస్త మర్యాదగా ఉంటుంది," అంది ఆవిడ.

"వద్దు," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "డాక్టరు ఏం రాశాడో చదివావా? కదిపితే ప్రమాదమన్నాడు."

"చదివాను. నాకు నా కొంగ కావాలండీ," అంది ఆవిడ. "రోజంతా తలుపు చూస్తూ కూర్చుంటే ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఎవరూ రారు. గోడ చూస్తూ కూర్చుంటే ఎవరూ రారని ముందే తెలిసిపోతుంది. రెండూ నావల్ల కావడం లేదు."

పెళ్ళయ్యాక ఆవిడ ఏదైనా అంత తిన్నగా అడగడం ఆయన వినలేదు.

కుర్చీకి రెండు పక్కలా సిలిండర్ల పట్టీలు కట్టారు. బావమరిది కింద, సాయానికి పిలిచిన వీధి చివరి ఇస్త్రీ కొట్టు ఆయన పైన, వెనక దుప్పట్లు పట్టుకుని కళ్ళజోళ్ళాయన. మలుపు మలుపుకూ కుర్చీ గోడకు తగిలేది. తగిలినప్పుడల్లా ఆవిడ చేతిరుమాలు పళ్ళ మధ్య బిగించుకునేది గానీ ఆగమనలేదు. రెండో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం పాలిపోయింది. వెనక్కి వెళ్దామని ఆయన బతిమాలాడు. సగం దూరం వచ్చాక వెనక్కి వెళ్ళినా అన్నే మెట్లని ఆవిడ లెక్క చెప్పింది.

కింద బావమరిది బండి ఉంది. సిలిండర్లు దింపేసి కుర్చీని అందులో నిలబెట్టారు. బండి వీధి మలుపు తిరిగి బీచి రోడ్డెక్కగానే ఆవిడ చెయ్యెత్తింది. బావమరిది ఆపాడు. ఎదురుగా సముద్రం. ఆవిడ చాలాసేపు చూసింది. పడవలేవీ లేవు, రేవు ఎప్పుడో మూసేశారు. నీళ్ళు మాత్రం ఉన్నాయి, ఎండలో మెరుస్తూ.

"ఇంకా ఇక్కడే ఉందే," అంది ఆవిడ.

కళ్ళజోళ్ళాయనకు ఏడుపొచ్చింది. అద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకోడని బావమరిదికి తెలుసు, అయినా ఏమీ అనలేదు.

ఆఫీసులో ఘనమైన స్వాగతం దొరికింది. పక్క ఆఫీసు నుంచి కుర్చీ కూడా తెప్పించారు. (ఆవిడ తన కుర్చీలోనే వచ్చింది కనుక అందులో అధికారి కూర్చున్నాడు.) కొంగ వరండాలో, అందరికీ కనబడేలా, గాజు పలక వెనక ఉంది. ముక్కుకు చీటీ కట్టి ఉంది. విడదీసిన భాగాలను సిబ్బందే మళ్ళీ కట్టారట. వంకరగా ఉంటే పలక వెనక పట్టడం లేదని మెడను తిన్నగా నిలబెట్టారట.

"ఇది మీదేనా అమ్మా? బాగా చూసి చెప్పండి. తొందరేం లేదు," అన్నాడు పర్యవేక్షణాధికారి.

"పలక తియ్యండి," అంది.

తీశారు. ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే ఒక ముడి వదులు చేసి, మెడను పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఇంకాస్త తిప్పింది. బంట్రోతు, గుమాస్తా, అధికారి ముగ్గురూ తమకు తెలియకుండానే కొంగ చూస్తున్నవైపు తలలు తిప్పి నేలకేసి చూశారు. అక్కడ చేప ఉన్నట్టే ఉంది.

"ఇప్పుడు ఇది మాదే," అంది ఆవిడ.

అందరూ చప్పట్లు కొట్టారు. పర్యవేక్షణాధికారి గుర్తింపు పత్రం మీద సంతకం పెట్టాడు. స్టాంపు వేశాడు. అప్పగింత ఉత్తర్వు తీసి, ఒకసారి పైనుంచి కిందికి చదివాడు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, ఆవిడ వైపు చూశాడు. డాక్టరు సర్టిఫికెట్టు చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది.

"ఇక్కడొక ఇబ్బంది వచ్చిందండీ," అన్నాడు. "ఇది ఇల్లు కదలలేని వారి ఊరట నిమిత్తం ఇస్తున్న ఉత్తర్వు."

"అవును," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఈవిడ కదిలారు కదండీ."

బావమరిది గొంతు లేచింది. "కదిలిందా? ఎక్కడ కదిలిందండీ? నేను కదిపాను! నాలుగంతస్తులు మోసుకొచ్చాను!"

"మీ శ్రమను నేను కాదనడం లేదు. కానీ ఎవరు కదిపారో రాయడానికి ఇందులో గడి లేదు. కదిలారా, కదలలేదా అన్నంతవరకే ఉంది."

"మీరే రమ్మన్నారు కదండీ!" అన్నాడు కళ్ళజోళ్ళాయన. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. షాపులో ఆయన ఎవరి మీదా అరిచి ఎరగడు.

"రమ్మన్నాం. వస్తారని అనుకోలేదండీ," అన్నాడు గుమాస్తా దీనంగా. "డాక్టరు అంత గట్టిగా రాశాడు."

పర్యవేక్షణాధికారి కుర్చీ ముందుకు జరిపి, ఆవిడతో మృదువుగా మాట్లాడాడు. "ఒక్క మాట ఆలోచించండమ్మా. ఇంతదూరం రాగలిగిన మీకు, ఎదురుగా సముద్రమే ఉండగా, ఇంకా ఈ కొంగ ఎందుకు చెప్పండి? రోజూ రండి. సముద్రం చూడండి. పని వేళల్లో అయితే కొంగను కూడా చూడొచ్చు, మీకు ప్రవేశ రుసుము ఉండదు."

ఆవిడ కొంగ మెడను ఇంకోసారి తాకి, "పదరా," అంది తమ్ముడితో.

ఇంటి మెట్లు ఎక్కడం దిగడంలా కాలేదు. మూడో అంతస్తు మలుపులో పట్టీ ఒకటి జారింది. కుర్చీ ఒరిగి, ఆవిడ గోడకు కొట్టుకుంది. అప్పుడు మాత్రం అరిచింది. డాక్టరు వచ్చి, తాను మూడు రకాలుగా రాసిందాన్ని ఎవరూ చదవలేదా అని కేకలేసి, ఇకమీదట కుర్చీ కూడా వద్దని, మంచం దిగడానికి వీల్లేదని చెప్పి వెళ్ళాడు. మంచంలోంచి చూస్తే కిటికీలో గోడ కూడా పూర్తిగా కనబడదు, పైపు పైభాగం మాత్రం కనబడుతుంది. కళ్ళజోళ్ళాయన కొన్నాళ్ళు షాపు తెరవలేదు. మంచం పక్కన కూర్చుని ఆవిడకు దుప్పటి సర్దేవాడు, సర్దిందాన్నే మళ్ళీ సర్దేవాడు. "అడగకుండా ఉండవలసింది," అని ఒక రాత్రి అన్నాడు. "ఇప్పుడా చెప్పేది? పడుకోండి," అంది ఆవిడ, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ సంవత్సరం తీర లభ్య వస్తు పర్యవేక్షణ కార్యాలయం వార్షిక నివేదికలో మొట్టమొదటిసారిగా 'ఒక కొంగ లభించినది' అన్న వాక్యం చేరింది. పర్యవేక్షణాధికారికి పదోన్నతి వచ్చింది. కార్యాలయానికి కొత్త ఫ్యాను వచ్చింది. సముద్రం వారి జవాబు ఇంకా రావలసి ఉంది.

కళ్ళజోళ్ళాయన ఇంటికి కూడా ఒక కవరు వచ్చింది. దరఖాస్తు తిరస్కరణకు సంబంధించిన ఉత్తర్వు ప్రతి అది. ఆయన విప్పి చూసి మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"ఏంటండీ అది? ఇలా ఇవ్వండి," అంది ఆవిడ.

ఇవ్వక తప్పలేదు. ఆవిడ మంచంలో పడుకునే, ఆయన చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని మొదటినుంచి చదివింది. చివరి పేరా దగ్గర ఆగి, పైకి చదివింది.

"'దరఖాస్తుదారు భార్య తమంతట తామే కార్యాలయమునకు హాజరగుటను బట్టి, వారికి సంపూర్ణ ఆరోగ్యము చేకూరినట్లు గుర్తించి, కార్యాలయము హర్షము వ్యక్తము చేయుచున్నది.'"

కాగితం గుండెల మీద పెట్టుకుని, ఆయన వైపు తల తిప్పింది.

"నాకు నయమైపోయిందటండీ," అంది. "మీకెవరూ చెప్పలేదా?"